ఆలస్యం చెప్పే కబురు

(చీమకుర్తిలో మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



ఇవాళ నేను చెప్పబోయేది ఓడ సంగతి, మంచు సంగతి, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సంగతి. వీటికీ మన మిరప కల్లాలకీ ఏంది సంబంధం అంటారేమో! ఉంది. కాకపోతే అక్కడిదాకా పోవాలంటే కాస్త దూరం నడవాలి. మధ్యలో అర్థం కాకపోతే ఆపి అడగండి. మొహమాటం వద్దు.

మన ఊరి రాయితోనే మొదలుపెడదాం. చీమకుర్తి రాయి నల్లగా ఉంటుంది. దాని మీద బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. రాత్రి ఆకాశం లాగా ఉంటుందని దానికి గెలాక్సీ అని పేరు పెట్టారు. గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపు. మీలో కొందరి ఇళ్ళల్లో వాళ్ళు ఆ క్వారీల్లోనే పనిచేస్తున్నారు. ఆ రాయి లారీ ఎక్కి రేవుకి పోతుంది. అక్కడ ఓడ ఎక్కి సముద్రాలు దాటుతుంది. ఎక్కడెక్కడి దేశాల్లోనో వంటింటి గట్టు అవుతుంది.

మరి ఆ ఓడకి దారి ఎట్లా తెలుస్తుంది? సముద్రంలో మైలురాళ్ళు ఉండవు. దారి అడుగుదామంటే టీ కొట్టు ఉండదు. ఎటు చూసినా నీళ్ళే. పూర్వం నావికులు చుక్కల్ని చూసి దారి పట్టేవాళ్ళు. ఇప్పుడు మనిషి తయారుచేసి పైకి పంపిన చుక్కల్ని అడుగుతున్నారు. అవే దారి చూపే ఉపగ్రహాలు. మీ పిల్లల సెల్‌ఫోన్‌లో దారి చూపించే పటం ఉంటుంది కదా! దానికి దారి చెప్పేది కూడా ఇవే.

ఈ ఉపగ్రహాలను మొదట అమెరికా తన సైన్యం కోసం పెట్టుకుంది. దాని పేరు జీపీఎస్. తర్వాత రష్యా పెట్టుకుంది. ఐరోపా దేశాలు, చైనా పెట్టుకున్నాయి. మన దేశం పెట్టుకున్నదాని పేరు నావిక్. నావిక్‌లో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1 రాత్రి శ్రీహరికోట నుంచి పైకి పోయింది. శ్రీహరికోట మనకేం దూరం కాదు. నెల్లూరు దాటి సూళ్ళూరుపేట పోతే అక్కడే.

జీపీఎస్ ఉపగ్రహం మన నెత్తిన సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. అది ఎప్పుడూ రెండే మాటలు చెబుతుంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను. ఇప్పుడు టైము ఇంత." ఈ మాటలు రేడియో సిగ్నల్‌గా కిందికి వస్తాయి. ఆ సిగ్నల్ సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంత ఎత్తు నుంచి నేల మీదికి రావడానికి సెకనులో 15వ వంతు చాలు. కింద ఉన్న యంత్రం, సిగ్నల్ ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది అని చూస్తుంది. దాన్నిబట్టి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది.

ఒక ఊరు ఒంగోలుకి ఇంత దూరం, పొదిలికి ఇంత దూరం, అద్దంకికి ఇంత దూరం అని చెబితే, ఆ ఊరు ఎక్కడుందో పటం మీద వేలు పెట్టి చూపించవచ్చు కదా! ఇదీ అంతే. మూడు ఉపగ్రహాల దూరం తెలిస్తే మన చోటు తెలుస్తుంది. నాలుగోది ఎందుకంటే, మన యంత్రంలో గడియారం అంత ఖచ్చితంగా ఉండదు. దాన్ని సరిచేయడానికి.

ఇంతవరకూ దారి సంగతి. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మీలో ఒకామె మధ్యాహ్నం చేనికి అన్నం క్యారియర్ తీసుకుపోతుందనుకోండి. ఇంటి దగ్గర 12 గంటలకు బయలుదేరితే 12:30కి చేను చేరుతుంది. రోజూ అంతే. ఒకరోజు 12:50కి చేరింది. దారిలో ఎక్కడా కూర్చోలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. మరి 20 నిమిషాలు ఎందుకు ఆలస్యమైంది? దారిలో వాన పడింది. రేగడి నేల సంగతి మీకు నేను చెప్పాలా! తడిస్తే కాలికి పట్టుకుని వదలదు. అడుగు తీసి అడుగు వెయ్యడమే కష్టం. చేలో ఉన్న ఆయన ఆ దారిని చూడలేదు. అయినా ఆమె ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, దారి ఎంత తడిసిందో చెప్పగలడు. (ముందు అన్నం ఆలస్యమైందని కేకలేస్తాడనుకోండి. అది వేరే సంగతి!)

ఉపగ్రహం సిగ్నల్‌కి కూడా ఇట్లాగే జరుగుతుంది. పైన ఏమీ లేని చోట అది వేగంగా వస్తుంది. భూమి చుట్టూ ఉన్న గాలిలోకి దిగాక కొంచెం నెమ్మదిస్తుంది. ఆ గాలిలో నీటి ఆవిరి ఉంటే ఇంకొంచెం నెమ్మదిస్తుంది.

నీటి ఆవిరి అంటే ఏమిటి? తడి చీర దండెం మీద ఆరేస్తాం. సాయంత్రానికి ఆరిపోతుంది. అందులోని నీళ్ళు ఎక్కడికి పోయాయి? గాలిలోకి పోయాయి. అక్కడే ఉన్నాయి, కానీ కంటికి కనపడవు. చాలామంది మబ్బే ఆవిరి అనుకుంటారు. మబ్బు ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి సన్న బొట్లయితే అది మబ్బు. నీలంగా ఉన్న ఆకాశంలో కూడా బోలెడు ఆవిరి ఉండవచ్చు. వాన కావాలన్నా, తుఫాను బలపడాలన్నా ఆ ఆవిరే మూలం. కంటికి కనపడని ఆ సరుకును కొలవడం ఎట్లా అన్నది పెద్ద చిక్కు.

ఆలస్యం దాన్ని కొలిచి పెడుతుంది. ఆ ఆలస్యం ఎంతంటే నమ్మలేరు. ఒక్క సెకనును 100 కోట్ల ముక్కలు చేయండి. పొడిగాలి వల్ల కలిగే ఆలస్యం అందులో 8 ముక్కలు. దూరంగా లెక్క కడితే సుమారు 2 మీటర్ల 30 సెంటీమీటర్లు. ఆవిరి వల్ల కలిగేది ఇంకా తక్కువ. వానాకాలంలో మన ప్రాంతంలో 40 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. అంటే మూరకి కొంచెం తక్కువ. ఉత్తర ధ్రువం దగ్గర చలికాలంలో అయితే మన బొటనవేలి వెడల్పు అంత.

పొడిగాలి వాటాను తీసెయ్యడం సులువు. గాలి ఒత్తిడిని కొలిచే పరికరం పక్కనే పెడితే చాలు. ఇంకా పైన, 100 కిలోమీటర్లు దాటాక, సూర్యకిరణాల వల్ల కరెంటు నిండిన పొర ఒకటుంది. అదీ ఆలస్యం చేస్తుంది. అందుకని ఉపగ్రహం రెండు రకాల సిగ్నళ్ళు పంపుతుంది. ఆ పొర ఆ రెండింటినీ ఒకే తీరుగా ఆపదు. తేడా చూసి దాన్ని కూడా లెక్కలోంచి తీసేస్తారు. చివరికి మిగిలేది ఆవిరి వాటా. ప్రతి ఆరున్నర సెంటీమీటర్ల ఆలస్యానికీ ఒక సెంటీమీటరు నీళ్ళు అని స్థూలంగా లెక్క. అంటే మన నెత్తిన ఉన్న ఆవిరంతా నీళ్ళయి పెద్ద తాంబాళంలో పడితే ఎంత లోతు నిలుస్తుందో అంత.

దారి వెతికేవాళ్ళకీ, భూములు కొలిచేవాళ్ళకీ ఈ ఆలస్యం ఒక పీడ. దాని వల్ల వాళ్ళ కొలత తప్పు వస్తుంది. ఎట్లా వదిలించుకుందామా అని చూసేవాళ్ళు. 1992లో కొందరు శాస్త్రవేత్తలు, మీరు పారేసే ఆ ఆలస్యాన్ని మాకివ్వండి, వాతావరణం లెక్కకి పనికొస్తుంది అన్నారు. అప్పటి నుంచి చాలా దేశాల్లో యాంటెనాలు పెట్టి ఆవిరిని కొలుస్తున్నారు. మన వాతావరణ శాఖ కూడా దేశంలో పలుచోట్ల ఇట్లాంటివి పెట్టింది.

అయితే ఒక ఇబ్బంది ఉంది. యాంటెనా పెట్టాలంటే నేల కావాలి. భూమి మీద మూడు వంతుల్లో రెండు వంతులకు పైగా సముద్రమే. అక్కడ ఎవరు కొలవాలి? ఓడలు కొలవాలి. ఇక ధ్రువాల దగ్గరైతే ఓడ కూడా అరుదు. ధ్రువాలంటే మన భూగోళానికి పైకొస, కింది కొస. పైకొసన మంచు కప్పిన సముద్రం. కింది కొసన మంచు కప్పిన నేల. చలికాలంలో అక్కడ నెలల తరబడి సూర్యుడు కనపడడు.

అక్కడికి వెళ్ళిన ఒక ఓడ గురించి చెబుతాను. అది జర్మనీ దేశపు పరిశోధన ఓడ. దాని పేరు పోలార్‌స్టెర్న్. అంటే ధ్రువ నక్షత్రం. పెళ్ళిలో అరుంధతితో పాటు పంతులుగారు చూపిస్తారే, ఆ ధ్రువుడే! ఆ ఓడ మంచును పగలగొట్టుకుంటూ పోగలదు. కానీ 2019లో అది చేసిన పని వేరు. ఆ ఏడాది సెప్టెంబరులో నార్వే దేశం నుంచి బయలుదేరింది. అక్టోబరులో ఉత్తర ధ్రువ సముద్రంలో ఒక పెద్ద మంచుగడ్డకి తనను తాను కట్టేసుకుంది. ఇంజను నడపకుండా, మంచు ఎటు పోతే అటు పోయింది. పడవను తాటిదుంగకి కట్టి వాగులో వదిలినట్టు! ఆ చలికాలంలో ఒకసారి ధ్రువానికి 156 కిలోమీటర్ల దగ్గరకు వచ్చింది. 20 దేశాల వాళ్ళు ఆ పనిలో పాలు పంచుకున్నారు. వంతులవారీగా మనుషులు మారారు. 2020 అక్టోబరులో ఓడ ఇంటికి చేరింది.

ఆ ఓడ మీద జర్మనీ శాస్త్రవేత్తలు ఉపగ్రహాల సిగ్నల్ పట్టే యాంటెనా పెట్టారు. అది ఆగకుండా 15 నెలలు విన్నది. జీపీఎస్ ఒక్కటే కాదు, రష్యా ఉపగ్రహాలను, ఐరోపా ఉపగ్రహాలను కూడా విన్నది. దాన్నుంచి గంటగంటకీ ఎంత ఆలస్యమైందో లెక్క తీశారు.

చెప్పినంత తేలిక కాదు ఇది. మేడ మీద పెట్టిన యాంటెనా కదలదు. ఓడ కదులుతుంది, ఊగుతుంది, లేస్తుంది, దిగుతుంది. ఓడ ఒక జానెడు పైకి లేచిందా, లేక ఆవిరి పెరిగిందా అన్నది విడదీయడమే అసలు కష్టం. పైగా ధ్రువం దగ్గర జీపీఎస్ ఉపగ్రహాలు నెత్తి మీదికి రావు. అవి తిరిగే దారి అట్లాంటిది. మహా అయితే ఆకాశంలో సగం ఎత్తు దాకా వస్తాయి. ఇటు చూస్తే కొలవాల్సిన ఆవిరి బొటనవేలంత. ఇన్ని చిక్కులున్నా లెక్క కుదిరింది.

కుదిరిందని ఎట్లా తెలిసింది? బెలూన్లతో సరిచూశారు. ఆ ఓడ మీద నుంచి రోజుకి కనీసం 4 సార్లు బెలూన్లు ఎగరేశారు. బెలూన్‌కి చిన్న పరికరం కడతారు. అది పైకిపోతూ గాలి ఎంత చల్లగా ఉంది, ఎంత తడిగా ఉంది అని కబురు పంపుతుంది. తర్వాత బెలూన్ పగిలిపోతుంది, పరికరం పోతుంది. ఖర్చు ఎక్కువ, మనుషుల శ్రమ ఎక్కువ. బెలూన్ చెప్పిన లెక్కా, ఆలస్యం చెప్పిన లెక్కా పక్కపక్కన పెట్టి చూశారు. నీళ్ళ లోతుగా చూస్తే, సగటున తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. విడివిడిగా చూస్తే ఒకటిన్నర మిల్లీమీటరు దాకా అటూ ఇటూ ఉంది. అంత చలిచోట అది మరీ చిన్న తేడా ఏమీ కాదు. అయినా యాంటెనా పగిలిపోదు, అలిసిపోదు, గంటగంటకీ చెబుతుంది. నాకు చూడబోతే రెండూ కావాల్సినవే. బెలూన్ ఏ ఎత్తులో ఎంత తడి ఉందో చెబుతుంది. యాంటెనా మొత్తం ఎంతో చెబుతుంది.

అక్కడి ఆవిరిని అంత పట్టుబట్టి కొలవడం ఎందుకు? 2020 ఏప్రిల్ మధ్యలో ఏం జరిగిందో వినండి. ఆ ఓడ చుట్టూ చలి సున్నాకి 30 డిగ్రీలు కింద ఉంది. ఇంతలో దక్షిణం నుంచి వెచ్చటి తడిగాలి వచ్చి పడింది. కొద్ది రోజుల్లోనే చలి సున్నా దగ్గరకి వచ్చేసింది. 30 డిగ్రీలు ఎక్కిందన్నమాట! ఆవిరి దుప్పటి లాంటిది. నేల వేడిని పైకి పోనివ్వదు. మంచు కరగడంలో దాని పాత్ర ఎంతో తెలియాలంటే, ముందు అది ఎంత ఉందో తెలియాలి. 1979 నుంచి లెక్క చూస్తే, ఉత్తర ధ్రువ ప్రాంతం మిగతా భూమి కంటే సుమారు 4 రెట్లు వేగంగా వేడెక్కింది.

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అక్కడ ఓడ మీద ఆవిరి కొలిస్తే రేపు చీమకుర్తిలో వాన పడేదీ లేనిదీ తెలుస్తుందా?

తెలియదు. ఎవరన్నా అట్లా చెబితే నమ్మొద్దు. కానీ ఇంకో మాట ఉంది. మీ పొదుపు సంఘం పుస్తకం తీసుకోండి. అందరి లెక్కా వచ్చి, ఇద్దరి లెక్క రాకపోతే మొత్తం తేలుతుందా? వాతావరణం చెప్పే కంప్యూటర్లదీ అదే బాధ. భూమి మీద గాలి అంతా ఒకటే. ఇవాళ అన్ని చోట్లా గాలి ఎట్లా ఉందో తెలిస్తేనే వచ్చే వారం ఎట్లా ఉంటుందో లెక్క కట్టగలవు. కొలత రాని చోట ఊహించి రాసుకుంటాయి. ఒక్క రోజుకైతే ఆ ఊహ పెద్దగా చెడగొట్టదు. 5 రోజులు, 6 రోజులు ముందు చెప్పాలంటే దూరపు తప్పు కూడా మన దాకా వస్తుంది. ధ్రువాల మంచుకీ మన రుతుపవనాలకీ సంబంధం ఎంత అన్నది ఇంకా పరిశోధిస్తున్నారు. గోవాలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఆ పని చేస్తోంది. ఉత్తర ధ్రువం వైపు మన దేశానికి 2008 నుంచి హిమాద్రి అనే కేంద్రం ఉంది. దక్షిణ ధ్రువం వైపు మైత్రి, భారతి అనే కేంద్రాలు ఉన్నాయి. ఆ దక్షిణపు మంచు మీద 1983లోనే ఇద్దరు భారత స్త్రీలు అడుగుపెట్టారు. సుదీప్తా సేన్‌గుప్తా రాళ్ళను చదివే శాస్త్రవేత్త. అదితి పంత్ సముద్రాన్ని చదివే శాస్త్రవేత్త. ఓడలోనే వెళ్ళారు.

మన తెలుగు నేల కూడా ఈ పనిలో ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ పెద్ద రాడార్‌తో, బెలూన్లతో, జీపీఎస్ సిగ్నళ్ళతో గాలిని చదువుతారు. 2009 సెప్టెంబరు 23న శ్రీహరికోట నుంచి ఓషన్‌శాట్-2 అనే ఉపగ్రహం పోయింది. అందులో ఇటలీ వాళ్ళు చేసిన పరికరం ఒకటి పెట్టారు. జీపీఎస్ ఉపగ్రహం భూమి అంచున అస్తమించేటప్పుడు దాని సిగ్నల్ గాలిలోంచి అడ్డంగా వస్తుంది. వస్తూ వంగుతుంది. ఆ వంపు చూసి గాలి వేడినీ తడినీ లెక్క కట్టే పరికరం అది. నేల మీద యాంటెనా చేసే పనినే ఇది పై నుంచి చేస్తుందన్నమాట. ఇక భారతి కేంద్రంలోని యాంటెనా మన ఉపగ్రహాల ఫొటోలను పట్టి హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌కి పంపుతుంది.

కొలతలు పెరిగితే మనకేం ఒరుగుతుంది? రెండు తుఫానులు చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది పోయారు. మీ అమ్మనో అత్తనో అడగండి, చెబుతారు. అప్పుడు పై నుంచి మన సముద్రాన్ని ఎప్పుడూ చూస్తుండే ఉపగ్రహం మన దేశానికి లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది ఎటు వస్తోందో ముందే తెలిసింది. తీరం పల్లెల వాళ్ళను ముందే తరలించారు. మనుషుల్ని తరలించగలిగారు. పంటను ఎట్లా తరలిస్తారు? చేలో నిలబడ్డ మిరప, పొగాకు, కోసి పనల మీదున్న వరి తడిసిపోయాయి. కౌలుకి చేసుకునే వాళ్ళ సంగతి మీకే తెలుసు. అందుకే 2 రోజుల ముందు చెబితే చాలదు. వారం ముందు గట్టిగా చెప్పగలిగితే కోత ఆపుకోవచ్చు, కోసింది ఇల్లు చేర్చుకోవచ్చు. ఆ నాలుగు రోజుల కోసమే ఈ కొలతలన్నీ.

ప్రసంగం అయ్యాక కొత్తపట్నం నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చిన చెల్లెలు ఒక ప్రశ్న అడిగింది. "మా వాళ్ళు వేటకి పోతే ఫోను పనిచెయ్యదు. తుఫాను సంగతి వాళ్ళకెట్టా తెలుస్తదక్కా?" అని.

మంచి ప్రశ్న. తీరం నుంచి కొంత దూరం పోగానే సెల్ సిగ్నల్ పోతుంది. అందుకని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం, విమానాశ్రయాల సంస్థ కలిసి 2019లో జెమిని అనే చిన్న పెట్టెను తెచ్చాయి. సముద్ర సమాచార కేంద్రాన్ని ఇన్‌కాయిస్ అంటారు. ఆ పెట్టె పడవలో ఉంటుంది. ఉపగ్రహం నుంచి నేరుగా హెచ్చరిక అందుకుంటుంది. దాన్ని పక్కనున్న ఫోనులో చూపిస్తుంది. నావిక్ ద్వారా కూడా ఇట్లాంటి హెచ్చరికలు పంపే ఏర్పాటు ఉంది. దారి చెప్పడానికి పుట్టిన ఉపగ్రహాలు, ఆవిరి లెక్క చెప్పి, ఇప్పుడు ఇంటికి రమ్మని కూడా చెబుతున్నాయి. అయితే పెట్టె వినడం తప్ప చెప్పలేదు. పడవలో వాళ్ళు తిరిగి మాట్లాడలేరు. ఆ లోటు ఉంది.

ఇంకొకామె, హెచ్చరికలో మిల్లీమీటర్లు అని రాస్తారు, అదేంటి అని అడిగింది. అంత లోతున నీళ్ళు నిలుస్తాయని అర్థం. బోర్డు మీద రాస్తున్నాను, చదవండి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ వర్షం. 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. వీటితో పాటు రంగులు చెబుతారు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే కదలండి.

కల్లంలో కాయ ఆరబోసుకున్న వాళ్ళకి మాత్రం ఈ రంగులు సరిపోవు. కాయ తాలు కావడానికి భారీ వర్షం అక్కర్లేదు. తేలికపాటి జల్లు అంటే 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు. దానికి రంగు హెచ్చరిక రాదు. కాబట్టి ఫోనులో "తేలికపాటి జల్లులు" అన్న మాట కనపడినా పట్టాలు తీసి పెట్టుకోండి.